‘నా పాట ఏదిరా ఇందులో?’

ప్రశ్న: అన్నా, మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. పెళ్లిళ్లకీ జాతర్లకీ బాక్సులు కట్టే ఒకాయన దగ్గర పని చేస్తున్నాను. రాత్రిళ్లు ఇంట్లో లాప్‌టాప్ మీద మ్యూజిక్ చేసుకుంటాను. హార్డ్‌స్టైల్ డాన్స్ మ్యూజిక్ అంటే నాకు ప్రాణం. మా పెద్దమ్మ అప్పగింతల పాట పాడితే మా ఊళ్లో కంటతడి పెట్టనివాళ్లు ఉండరు. ఆవిడ అరుగు మీద కూర్చుని పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి, హార్డ్‌స్టైల్ రీమిక్స్ చేశాను. గొంతు నిదానంగా ఉండి కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) మీద సాగట్లేదని ఒకటిన్నర రెట్లు వేగం పెంచాను. నాయిస్ తీసేశాను, శృతి సరిచేసే ఆటోట్యూన్ పెట్టాను. ఫ్రెండ్స్ అందరూ అదిరింది అన్నారు. కానీ ఎక్కడో అపశ్రుతి ఉన్నట్టు నాకే అనిపిస్తోంది, ఎక్కడో దొరకట్లేదు. పెద్దమ్మకి వినిపిస్తే మొత్తం విని, “నా పాట ఏదిరా ఇందులో? ఎవరో చంటిపిల్ల పాడినట్టుంది” అంది. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. మాఘమాసంలో ఆవిడ చిన్న కూతురి పెళ్లి. ఊరేగింపులో ఈ ట్రాక్ వేద్దామనుకున్నాను. అసలు ఏడుపు పాటని డాన్స్ పాట చేయడం తప్పా? చేయొచ్చంటే ఎలా చేయాలి? రికార్డింగూ ట్రాకూ రెండూ పంపుతున్నాను. నా పేరు వేయొద్దు.

సమాధానం: తమ్ముడూ, రెండు ఫైళ్లూ విన్నాను. నీ ట్రాక్ మూడుసార్లు విన్నాను. పెద్దమ్మగారి పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టుకోలేదు.

ముందు నీ దిగులు సంగతి. ఏడుపు పాటని డాన్స్ పాట చేయడం తప్పేమీ కాదు. మన వైపు డప్పు పెళ్లికీ మోగుతుంది, మనిషిని కడసారి సాగనంపేటప్పుడూ మోగుతుంది. అప్పగింతల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లే గంట తిరక్కుండా ఊరేగింపులో ఆడతారు. ఆ కన్నీళ్లూ నిజమే, ఆ ఆటా నిజమే. అందుకని నీ ఆలోచన దగ్గర నాకు ఏ పేచీ లేదు.

కానీ పెద్దమ్మగారు అన్న మాట గమనించు. చప్పుడు ఎక్కువైందనలేదు. ఇదేం గోలరా అనలేదు. నా పాట ఏది అని అడిగారు. అంటే 3 నిమిషాల 40 సెకన్లు కూర్చుని, ఆ మోతలో తన పాట కోసం వెతుక్కున్నారన్నమాట. నీ ట్రాక్ గురించి నీ ఫ్రెండ్స్ చెప్పినదాని కంటే ఆ ఒక్క మాటలో ఎక్కువ సమాచారం ఉంది. నేను విన్నా అదే అనిపించింది. కిక్ బాగుంది, వరస వాయించే లీడ్ బాగుంది. పాట లేదు.

హార్డ్‌స్టైల్ పేరు విననివాళ్లు కూడా ఈ శీర్షిక చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. 2000 సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా నెదర్లాండ్స్‌లో, ఇటలీలో రూపం కట్టిన డాన్స్ సంగీతం ఇది. అంతకు ముందు రోటర్‌డామ్ వైపు కుర్రకారు వాయించిన గాబర్ అనే ఇంకా దూకుడైన సంగీతం దీనికి అన్నలాంటిది. నెదర్లాండ్స్ కూడా మనలాగే నదులు సముద్రంలో కలిసే చోటు, కాలవల దేశం. 2003లో మొదలైన వాళ్ల పెద్ద హార్డ్‌స్టైల్ పండగ డెఫ్‌కాన్ ఇప్పుడు బిడింగ్‌హౌజెన్ దగ్గర జరుగుతుంది. ఆ ఊరు ఉన్నది నీళ్లు తోడేసి ఆరబెట్టిన నేల మీద. లంక నేలలో పుట్టిన నీకు ఆ సంగీతం అంతగా పట్టిందంటే నాకెందుకో సంతోషంగా ఉంది.

ఆ పండగల వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. కిక్ పడ్డప్పుడు జనం ఎగిరే చోటునే మనం చూస్తాం. ఈసారి దానికి ముందు నిమిషం చూడు. కిక్ పూర్తిగా ఆగిపోతుంది. ఒక గొంతు, వెనక ఒక పియానో, అంతే. వేలమంది చేతులు పైకెత్తి ఆ గొంతుతో కలిసి పాడుతుంటారు. కొందరు ఏడుస్తుంటారు కూడా. నిదానం పాటని హార్డ్‌స్టైల్ చేసేవాళ్లు ఆ పాటని దాచుకునేది అక్కడ, బ్రేక్‌లో. నీ ట్రాక్‌లో బ్రేక్ 20 సెకన్లు ఉంది. ఆ 20 సెకన్లలో కూడా పెద్దమ్మగారి గొంతు కింద స్నేర్ రోల్ దడదడలాడుతూనే ఉంది.

ఇక వేగం. నువ్వు చేసినవాటిలో పెద్ద పొరపాటు ఇదే, సులువుగా సరయ్యేదీ ఇదే. హార్డ్‌స్టైల్ టెంపో నిమిషానికి 150 దెబ్బల దగ్గర ఉంటుంది. కిక్‌కీ కిక్‌కీ మధ్య 400 మిల్లీసెకన్లు. 150 అన్న అంకె చూడగానే గొంతుని కూడా పరుగెత్తించాలనిపిస్తుంది. కానీ 150లో సగం 75. మన నిదానం పాటలు చాలావరకు ఆ 75 చుట్టుపక్కలే నడుస్తాయి. గొంతు తన నడకలో తాను నడుస్తూ ఉంటే ఒక్కో అడుగుకి రెండేసి కిక్‌లు పడతాయి. కిక్ పరుగెడుతుంది, మనిషి నడుస్తూనే ఉంటుంది. హార్డ్‌స్టైల్‌లో నిదానం పాట అంత బాగా కుదరడానికి కారణం ఇదే. నువ్వు ఆ మనిషిని కూడా పరుగెత్తించావు, దాంతో ఇద్దరూ ఒకటే అయిపోయారు. వేగంతో పాటు కొంత పిచ్ కూడా పెరిగినట్టుంది. పిచ్ పెరిగినప్పుడు గొంతు గూడు కూడా చిన్నదైపోతుంది. అందుకే ఆవిడకి చంటిపిల్ల వినిపించింది.

పెద్దమ్మగారి పాట అసలు టెంపో ఎంతో నీకు తెలుసా? రికార్డింగ్‌లో వెనకాల సర్... సర్... మని ఒక చప్పుడుంది. మొదట ఫోన్‌కి గాలి తగులుతోందనుకున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాక అర్థమైంది. ఆవిడ కొబ్బరి ఆకు ఈనెలు తీస్తూ పాడుతున్నారు. కత్తి ఆకుని మొదలు నుంచి కొస దాకా దూసుకుంటూ వస్తోంది. అప్పుడప్పుడు ఈనె కట్టలో పడి చిన్నగా టక్ మంటోంది. వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 74 దూపులు. పాట మొదలు నుంచి చివరి దాకా ఒకటో రెండో తప్ప తేడా లేదు. పాట ఆ కత్తి మీద నడుస్తోంది తమ్ముడూ. నువ్వు నాయిస్ అనుకుని తీసేసింది ఆవిడ వేసుకుంటున్న తాళాన్ని.

74ని 75 చేయడానికి వందకి ఒకటిన్నర పాలు కూడా పెంచక్కర్లేదు. ఆవిడకి కూడా తేడా తెలియదు. కాబట్టి మొదటి ఫైలు మళ్లీ తెరువు, నాయిస్ తీయనిది. ఆ కత్తి చప్పుడుని విడిగా కత్తిరించి పెట్టుకో. ఎక్కడెక్కడ ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగారో అక్కడ అది ఒంటరిగా దొరుకుతుంది, అలాంటివి నాలుగైదు చోట్ల విన్నాను. ట్రాక్‌లో హైహ్యాట్ (డ్రమ్ముల్లో తాళాల చప్పుడు) కొనుక్కొచ్చినట్టు ఉంది, అది తీసేసి దీన్ని పెట్టు. ఒక్కోసారి ఒక్కో దూపు వాడు, ఒకటే ముక్క పదే పదే వేస్తే మిషన్‌లా ఉంటుంది.

ఇంకో మాట. గొంతుని గ్రిడ్ (తాళం గీతలు) మీద కూర్చోబెట్టేటప్పుడు ప్రతి అక్షరాన్నీ లాగి గీత మీద పెట్టకు. ఆవిడ పాదం ఎత్తుకున్న మొదటి అక్షరాన్ని మాత్రం గీత మీదికి తీసుకురా. మిగతా అక్షరాలు ముందుకీ వెనక్కీ ఊగనీ. బ్రేక్‌లో అయితే ఆ ఒక్క అక్షరాన్ని కూడా ముట్టుకోవద్దు.

ఇప్పుడు కాస్త చిక్కు విషయం. నీ ట్రాక్‌లో లీడ్ ఆవిడ వరసనే వాయిస్తోంది, అయినా కాలు తడబడుతున్నట్టు ఉంటుంది. ఎందుకంటే ఆవిడ పాట తిశ్రగతిలో ఉంది. ఒక్కో కత్తి దూపుకి మూడేసి అక్షరాలు: తకిట, తకిట. హార్డ్‌స్టైల్ కిక్ ఆ దూపుని రెండుగా విరుస్తుంది. మూడు అక్షరాల మీద రెండు కిక్‌లు పడితే రెండో కిక్ ఏ అక్షరం మీదా పడక రెండు అక్షరాల మధ్య సందులో పడుతుంది. కాలు అక్కడే తప్పుతోంది.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటుంది. దూపు పొడవు 0.8 సెకను. దాన్ని మూడు భాగాలు చేయకుండా నాలుగు చేయి, ఒక్కోటి 0.2 సెకను. మొదటి అక్షరానికి రెండు భాగాలివ్వు, మిగతా రెండింటికీ చెరొకటి. తకిట కాస్తా ‘తా-కిట’ అవుతుంది. పాదం పొడవు ఏమీ మారదు, వరస ఏమీ మారదు, మొదటి అక్షరం కొంచెం సాగుతుందంతే. రెండో కిక్ సరిగ్గా ‘కి’ మీద పడుతుంది. తొడ మీద తట్టి చూసుకో, ఒక్క నిమిషంలో పట్టుబడుతుంది. ఇది లీడ్‌కి మాత్రమే. గొంతు బ్రేక్‌లో తన తిశ్రంలో తాను పాడుతుంది, కిక్ పడ్డాక లీడ్ అదే వరసని చతురశ్రంలో, అంటే నాలుగు లెక్కలో, అందుకుంటుంది. విన్నవాళ్లకి పాట నడక మార్చి లేచి నిలబడ్డట్టు ఉంటుంది. గొంతుని మాత్రం ఇలా సాగదీయకు. అక్షరాలు రబ్బరులా అయిపోతాయి.

నువ్వు వెతుకుతున్న అపశ్రుతి ఎక్కడుందో చెబుతాను. ఆవిడ షడ్జమం కీబోర్డు మీద ఎఫ్ షార్ప్ దగ్గర ఉంది, మన లెక్కలో నాలుగున్నర శృతి. వరస దాదాపు శివరంజనిలా నడుస్తోంది: స రి గ ప ద. మధ్యమం లేదు, నిషాదం లేదు. సాధారణ గాంధారం కాబట్టి నీ చెవికి మైనర్ అనిపించింది, అది సరే. హార్డ్‌స్టైల్‌లో అందరూ వేసే నాలుగు కార్డులూ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) వేసేశావు: ఎఫ్ షార్ప్ మైనర్, డి, ఏ, ఈ. అందులో రెండోదాని దగ్గర తగాదా. డి కార్డులో డి స్వరం ఉంది, అంటే శుద్ధ ధైవతం. ఆవిడ పాడేది దాని పక్క మెట్టు, డి షార్ప్, చతుశ్రుతి ధైవతం. పాదం చివర ‘వెళ్లిరావమ్మా’ అన్నప్పుడు ఆవిడ సరిగ్గా ఆ ధైవతం మీద నిలబడి పంచమానికి దిగుతున్నారు. అక్కడే నీ డి కార్డు వచ్చి కూర్చుంది. పాట మొత్తంలో అన్నిటికంటే మెత్తటి చోట రెండు ధైవతాలు ఢీకొంటున్నాయి. ఆటోట్యూన్‌కి ఎఫ్ షార్ప్ మైనర్ స్కేల్ ఇచ్చి ఉంటావు, ఆ స్కేల్‌లో ఆవిడ ధైవతం లేదు కాబట్టి కొన్నిచోట్ల దాన్ని కిందకి లాగేసింది కూడా.

డి తీసేసి బి మేజర్ వేసి చూడు. అందులో ఉన్నవి మ, ద, స. ఆవిడ ధైవతం ఆ కార్డుకి కడుపులో ఉంటుంది. మధ్యమం ఆవిడ పాడరు, కానీ కింద బేస్‌లో ఉంటే ఇబ్బంది పెట్టదు. పైగా మైనర్ పక్కన ఆ మేజర్ తగిలేసరికి దుఃఖంలో ఎక్కడో చిన్న వెలుతురు పడ్డట్టు ఉంటుంది. కూతుర్ని పంపేటప్పుడు ఉండాల్సింది అదే కదా. నేను మా ఇంట్లో కీబోర్డు మీద వాయించి చూశాను. చాలాసేపు వాయించాను.

ఆటోట్యూన్ పూర్తిగా తీసేయ్. తోడు శృతి లేకుండా పాడే ఎవరైనా మెల్లగా దిగుతారు. పెద్దమ్మగారు కూడా చివరి చరణానికి దాదాపు 40 సెంట్లు దిగారు, కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య 100 సెంట్లు అనుకుంటే. అంత దిగిన గొంతులో గమకం ఊగినప్పుడు కింది ఊపు పక్క మెట్టు పరిధిలోకి పోతుంది, ఆటోట్యూన్ దాన్ని ఆ మెట్టుకి మేకు కొట్టేస్తుంది. అలా కాకుండా పాదం పాదంగా విడగొట్టు. రెండో పాదాన్ని 10 సెంట్లు, మూడోదాన్ని 20 సెంట్లు, ఇలా మొత్తం పాదాన్ని ఒక్కసారే పైకి జరుపు. పాదం లోపల ఆవిడ ఎలా ఊగారో అలాగే ఉంటుంది.

కిక్ గురించి ఎక్కువ చెప్పను, అది నీకు నాకంటే బాగా వచ్చు. రోలాండ్ 909 డ్రమ్ మిషన్ లాంటి కిక్‌ని డిస్టార్షన్‌లో నలగ్గొట్టి తోక సాగదీయడం నువ్వు బాగా నేర్చుకున్నావు. అయితే ఆ తోకకి ఒక స్వరం ఉంటుంది. నీది ఎప్పుడూ జి మీదే ఉంది, ఏ శాంపిల్ ప్యాక్‌లో ఎలా వచ్చిందో అలాగే వాడినట్టున్నావు. పాటేమో ఎఫ్ షార్ప్. రెండో అపశ్రుతి అది. తోకని కార్డుతో పాటు మార్చు: ఎఫ్ షార్ప్‌కి 46 హెర్ట్జ్, బి కి 62, ఏ కి 55, ఈ కి 41. ఈ చివరిది జాగ్రత్త. లారీ మీద కట్టే బేస్ బాక్సులు చాలావాటికి 41 అందదు, గాలి తప్ప నోట్ రాదు. ఆ కార్డు దగ్గర డిస్టార్షన్ పై భాగాన్ని కొంచెం పెంచితే కింద లేనిది కూడా చెవి ఊహించుకుంటుంది.

ఇప్పుడు నేను ఈ జవాబు రాయడానికి అసలు కారణమైన చోటుకి వస్తాను. రికార్డింగ్‌లో 1 నిమిషం 52 సెకన్ల దగ్గర, రెండో చరణం చివర, పెద్దమ్మగారు ‘వెళ్లిరా...’ అని ఆగిపోయారు. గొంతు జీరబోయింది. కత్తి కూడా ఆగింది. రెండున్నర సెకన్ల పాటు ఏమీ లేదు, దూరంగా ఎవరిదో మోపెడ్ పోతున్న చప్పుడు తప్ప. తర్వాత గొంతు సవరించుకుని ‘వమ్మా’ అని పూర్తి చేశారు, కత్తి మళ్లీ మొదలైంది. నువ్వు ఆ రెండున్నర సెకన్లూ కత్తిరించేసి, మొదటి చరణంలోంచి శుభ్రంగా ఉన్న ‘వెళ్లిరావమ్మా’ తెచ్చి అతికించావు. ఎందుకు చేశావో నాకు తెలుసు. స్టూడియోలో మాకు నేర్పేది కూడా అదే, తప్పు పోయిన టేకు తీసేసి మంచిది పెట్టడం.

దాన్ని మళ్లీ తెచ్చి దాని చోట పెట్టు. నీ డ్రాప్, అంటే ఆగిన కిక్ మళ్లీ విరుచుకుపడే చోటు, రావాల్సింది అక్కడే.

కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లే ఉంటావు. అలంకరించిన దేవుడి ప్రభని భుజాల మీద ఎత్తుకుని కాలవ గట్టు దాకా వచ్చి, నీళ్లలోకి దిగే ముందు మోసేవాళ్లు ఒక్క క్షణం కాళ్లు నిలదొక్కుకుంటారు. గట్టు మీద ఉన్నవాళ్లందరికీ ఊపిరి ఆగుతుంది. ఆ తర్వాత ‘అశ్శరభ శరభ’ అంటూ ఒక్కసారి లేచే కేక ఉంటుందే, అది ఎంత గట్టిగా ఉంటుందో ఆ క్షణం వల్లే ఉంటుంది. జనానికి ఎగరాలనిపించడానికి నువ్వు ఎనిమిది బార్ల (బార్ అంటే నాలుగు కిక్‌లు) పాటు స్నేర్ రోల్ వేగం పెంచుకుంటూ పోయావు, సైరన్ పెట్టావు, పైకి లేచే నాయిస్ పెట్టావు. అవేమీ లేకుండానే ఆవిడ గొంతు ఆ పని చేసి పెట్టింది.

నేనైతే ఇలా కట్టుకుంటాను. మొదట 16 బార్లు కిక్కూ కత్తి చప్పుడూ మాత్రమే. 150 టెంపోలో అది 25 సెకన్ల పైచిలుకు, డీజే ముందు పాటలోంచి ఇందులోకి రావడానికి చాలు. తర్వాత అంతా ఆగిపోవాలి. పల్లవి పూర్తిగా ఆవిడ ఒక్కరే, కత్తి దూపుతో. మొదటి చరణానికి కింద సన్నగా ఒక పియానో గానీ హార్మోనియం గానీ చేరొచ్చు. నాకైతే హార్మోనియమే ఇష్టం, మన పల్లెల్లో భజనలకి వాయించే పాత పెట్టె. రెండో చరణానికి స్ట్రింగ్స్. ఎవరైనా బోరు కొడుతుందంటే వినకు. బ్రేక్ దాదాపు రెండు నిమిషాలు వచ్చినా పరవాలేదు. ‘వెళ్లిరా...’ దగ్గర అన్నీ ఆపేయ్, గొంతు వెనక మోగే రివర్బ్ తోకతో సహా. ఆ మోపెడ్ చప్పుడు కూడా ఉండనీ. రెండున్నర సెకన్లు నీకు చాలా ఎక్కువ అనిపిస్తుంది, చెయ్యి కత్తెర మీదికి పోతుంది. ఆపుకో. ‘వమ్మా’ అనే మాట ఒంటరిగా వినబడాలి. ‘మ్మా’ సగంలో ఉండగా మొదటి కిక్ పడాలి.

ఆ తర్వాత 32 బార్లు, 51 సెకన్లు, నీ ఇష్టం. అక్కడ నువ్వు ఎంత గట్టిగా కొట్టినా నేను ఏమీ అనను. అయితే ఆ 51 సెకన్లలో గొంతు పాడుతూ ఉండకూడదు. డిస్టార్షన్ కిక్ పై భాగమూ మనిషి గొంతూ ఒకే చోట ఉంటాయి, రెండూ కలిస్తే రెండూ పోతాయి. వరసని లీడ్‌కి అప్పగించి, పాదం చివరి మాట మాత్రం అక్కడక్కడా కిక్‌ల సందులో వినిపించు. జనం మిగతా పాదాన్ని తమంతట తాము పాడుకుంటారు. బ్రేక్‌లో పూర్తిగా విన్నారు కదా.

లీడ్ గురించి ఒక్క సంగతి. సూపర్‌సా అనే శబ్దం 1996లో రోలాండ్ జేపీ-8000తో వచ్చింది, ఏడు తరంగాలని కొంచెం కొంచెం తేడా శృతితో కలిపి వాయిస్తుంది. అందుకే అంత వెడల్పుగా ఉంటుంది. ఆ ఏడింటి గుంపులో గమకం కనపడదు. పెద్దమ్మగారి గాంధారం ఎప్పుడూ ఒకచోట నిలవదు, రిషభం నుంచి పాకుతూ వచ్చి ఊగుతుంది. నీ లీడ్‌లో అది మెట్టు మీద మెట్టుగా ఉంది. సూపర్‌సా కింద ఒకే ఒక్క తరంగం ఉన్న సన్నటి లీడ్ ఇంకొకటి పెట్టి, దానికి పిచ్ బెండ్ చేత్తో గీయి. ఆవిడ గొంతు ఫైలుని పక్కన పెట్టుకుని ఆ ఊపుని అచ్చంగా చూసి గీయి. ఒక్క గాంధారానికి అరగంట పట్టినా సరే. ఆ ఒక్క స్వరం కుదిరితే ఇది మన పాట అని కాళ్లకి ముందే తెలుస్తుంది. రెండో క్లైమాక్స్‌లో కావాలంటే మీ ఊరి గరగల డప్పు రికార్డు చేసి కలుపు. అదీ తిశ్రంలోనే ఉంటే లీడ్‌ని మళ్లీ తిశ్రానికి తిప్పేయొచ్చు, కిక్ మాత్రం దూపుకి ఒకటే ఉంచు.

బాక్సుల సంగతి నీకు చెప్పనక్కర్లేదు, నీ పనే అది. ట్రాక్‌ని ఒకసారి మోనోలో (కుడి ఎడమలు కలిపి ఒకే శబ్దంగా) విని చూసుకో చాలు, లారీ మీద సూపర్‌సా వెడల్పు అంతా పోతుంది కాబట్టి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు వాడకూడదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచి ఉంది. ఊరేగింపు ఆలస్యమైతే ఈ ట్రాక్ చివరికి దాచుకోకుండా ముందే వేసేయండి.

వేయడం అంటే గుర్తొచ్చింది. ఈ సంగతి చెప్పడం నాకు సులువు కాదు. ఇరవై ఏళ్ల కిందట భీమవరం వైపు ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ని. ఒక పెళ్లిలో అప్పగింతలు జరుగుతుంటే, వాతావరణం మరీ బరువైపోయిందని, ఆడవాళ్లు పాడుతున్న పాటకి నేను కింద డాన్స్ బీటు వేశాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. పెళ్లికూతురి తండ్రి కూతురి చెయ్యి వదిలి, స్టేజీ ఎక్కి నా దగ్గరికొచ్చారు. కోప్పడలేదు. కీబోర్డు మీద చెయ్యి పెట్టి, “బాబూ, ఇదొక్కటీ వద్దు” అన్నారు. ఆయన చెయ్యి కింద నాలుగైదు మెట్లు ఒక్కసారే మోగాయి. నాకు ఇప్పటికీ ఆ అపస్వరం వినపడుతుంది.

కాబట్టి అప్పగింతలప్పుడు నీ సిస్టమ్ స్విచ్ ఆపేసి ఉండాలి. అప్పుడు పెద్దమ్మగారు పాడతారు, కూతురి కోసం, ఏ మైకూ లేకుండా. నీ ట్రాక్ ఊరేగింపులో, అది కూడా ఆవిడ సరేనంటేనే. ఆ వరస ఎవరిదీ కాదు, తరతరాలుగా అందరూ పాడుకునేది. కానీ ఈ రికార్డింగ్‌లో ఉన్న గొంతు ఆవిడది. పాడినవాళ్లకి తమ గొంతు మీద హక్కు ఉంటుందని మన కాపీరైట్ చట్టం కూడా చెబుతోంది. చట్టం దాకా ఎందుకు, ఆవిడ నీ పెద్దమ్మ. ముఖ్యంగా ఆ జీరబోయిన చోటు వాడుకోవడానికి విడిగా అడుగు. అది ఆవిడ పాడింది కాదు, ఆవిడకి జరిగింది. వద్దంటే ఆ చోటు వదిలేయ్, మొదటి చరణంతోనే ట్రాక్ కట్టుకో. అలా కూడా బాగుంటుంది.

అడిగే పద్ధతి కూడా ఉంది. ట్రాక్ వినిపించి అడగకు. ముందు మొదటి నుంచి ఆ ఆగిపోయిన చోటు దాటేదాకా, ఏమీ కలపకుండా, ఆవిడ పాడింది ఆవిడకి వినిపించు. తన గొంతు తాను వినడం చాలామంది ఆడవాళ్లకి మన ఊళ్లలో ఇప్పటికీ కొత్తే. విన్నాక ఆవిడ ఏమంటారో విను. ఆగిపోయిన చోట ఆవిడకి ఎవరు గుర్తొచ్చారో చెబితే చెప్పనీ, చెప్పకపోతే అడగకు. అప్పుడు నీ ఆలోచన చెప్పు.

ఒప్పుకుంటే ఇంకోసారి పాడించి రికార్డు చేసుకో. ఫోన్ అయినా పరవాలేదు, జేబులోనో ఒళ్లోనో కాకుండా ఆవిడకి మూరెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టు. ఫ్యాన్ ఆపు. అరుగు మీదే కూర్చోబెట్టు, గదిలోకి తీసుకెళ్లకు. చేతికి కత్తీ, ముందు కొబ్బరాకులూ ఇవ్వు. మైకు ముందు ఊరికే కూర్చోమంటే ఆ తాళం రాదు. రెండో ఫోన్ ఉంటే దాన్ని కత్తి దగ్గర పెట్టు, చప్పుడు విడిగా దొరుకుతుంది. పాట మధ్యలో ఎవరైనా వచ్చి పలకరించినా ఆపకు, నడవనీ.

కొత్త ట్రాక్ అయ్యాక నాకు పంపు. పెద్దమ్మగారు ఏమన్నారో కూడా రాయి.